సిగ్నల్ పోయింది: తప్పు ఫోనుదా, సిమ్‌దా, టవరుదా?

సెల్‌ఫోను నెట్‌వర్క్‌కు కలవడం లేదంటే నాలుగు చోట్లలో ఎక్కడో ఒకచోట లంకె తెగిందన్నమాట. ఒకటి ఫోను, రెండు అందులోని సిమ్ కార్డు, మూడు ఆ నంబరు పేరిట కంపెనీ దగ్గర ఉన్న ఖాతా, నాలుగు చుట్టుపక్కల టవరు. ఎక్కడ తెగిందో తేల్చుకోకుండా మరమ్మతుకు దిగితే, టవరు పాడైనందుకు ఫోనును ఫార్మాట్ చెయ్యడం, రీఛార్జి గడువు తీరినందుకు కొత్త ఫోను కొనడం జరుగుతాయి. ఊరూరా జరుగుతూనే ఉన్నాయి.

ఫోను స్విచాన్ చెయ్యగానే అది ముందు గాలిలో వెతుకుతుంది. ప్రతి టవరూ తన కంపెనీ కోడ్ సంఖ్యను ఎడతెగకుండా ప్రసారం చేస్తూ ఉంటుంది. మన దేశంలో చాలా కంపెనీల కోడ్లు 404తోనో 405తోనో మొదలవుతాయి. తన కంపెనీ కోడ్ వినబడగానే ఫోను సిమ్‌లో ఉన్న చందాదారు సంఖ్యను టవరుకు పంపుతుంది. ఇది అందరికీ తెలిసిన పది అంకెల ఫోను నంబరు కాదు, సిమ్‌లో దాగి ఉండే పదిహేను అంకెల వేరే సంఖ్య. ఆ సంఖ్య ఏ ఊరి ఖాతాదో, చెల్లుబాటులో ఉందో లేదో సొంత కంపెనీ రిజిస్టరులో చూస్తారు. తర్వాత నెట్‌వర్క్ ఒక లెక్క ఇస్తుంది. సిమ్ తనలోని రహస్య సంఖ్యతో ఆ లెక్క చేసి జవాబు పంపుతుంది. జవాబు సరిపోతేనే ఫోను నమోదైనట్టు. ఇదంతా కొన్ని సెకన్లలో అయిపోతుంది కాబట్టి ఎవరి కంటా పడదు. కానీ స్టేషన్ మాస్టరు లైన్ క్లియర్ ఇవ్వనిదే బండి కదలనట్టు, ఈ నమోదు పూర్తికానిదే కాల్ పోదు, మెసేజ్ రాదు, ఇంటర్నెట్ తెరుచుకోదు.

బిలాస్‌పూర్ రైల్వే పట్నంలో, కుదుదండ్ లాంటి పేటల్లో ఉండే తెలుగు కుటుంబాలకు ఈ నమోదు వ్యవహారం మిగతావారికంటే కొంచెం ఎక్కువగా తెలిసి ఉండాలి. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఏర్పడిన తర్వాత ఉత్తరాంధ్ర నుంచి రైలు పనుల కోసం వెళ్లి ఆ లైను పొడవునా స్థిరపడినవాళ్లు చాలామంది. 2003 నుంచి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం కూడా. అక్కడి ఇళ్లలో ఒక సిమ్ బిలాస్‌పూర్‌లో కొన్నదైతే, రెండోది విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో తీసుకున్నదై ఉంటుంది. బ్యాంకు ఖాతా, ఆధార్, ఊళ్లోని పొలం కాగితాలు అన్నీ ఆ రెండో నంబరుకే ముడిపడి ఉంటాయి కాబట్టి దాన్ని వదులుకోరు.

టెలికాం లైసెన్సుల కోసం దేశాన్ని 22 సర్కిళ్లుగా విభజించారు. ఛత్తీస్‌గఢ్ 2000 నవంబరు 1న వేరే రాష్ట్రమైనా, లైసెన్సు లెక్కలో ఇప్పటికీ మధ్యప్రదేశ్ సర్కిల్లోనే ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా అలాగే ఒకే సర్కిల్. కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ బిలాస్‌పూర్, రాయపూర్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా వెళ్తుంది. ఆ ఒక్క ప్రయాణంలో ఫోను మధ్యప్రదేశ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్ సర్కిళ్లు మూడింటినీ దాటుతుంది. ఒకే కంపెనీ అయినా సర్కిల్ మారితే కోడ్ సంఖ్య మారిపోతుంది. కాబట్టి సరిహద్దు దాటిన ప్రతిసారీ ఫోను కొత్తగా నమోదు చేసుకోవాలి.

ఇక్కడే రెండు చిక్కులున్నాయి. రాయగడ చుట్టూ కొండలు, అడవి. అక్కడ సిగ్నల్ తెగుతూ ఉంటుంది. చాలాసేపు టవరు దొరక్కపోతే ఫోను బ్యాటరీ ఆదా కోసం వెతకడం తగ్గించేస్తుంది. బండి బిలాస్‌పూర్ చేరి, చుట్టూ అందరి ఫోన్లూ మోగుతున్నా ఇదొక్కటే ‘నో సర్వీస్’ అంటూ ఉండిపోవడానికి తరచు కారణం ఇదే. ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి, అర నిమిషం ఆగి తీసేస్తే ఫోను వెతుకులాట మొదటి నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. ఫోనును పూర్తిగా ఆపి తిరిగి వేసినా అదే ఫలితం. స్క్రీన్ ఆర్పడం మాత్రం స్విచాఫ్ చెయ్యడం కాదు. పవర్ బటన్ నొక్కి పట్టుకుని, మెనూలో స్విచాఫ్ గాని రీస్టార్ట్ గాని ఎంచుకోవాలి.

రెండో చిక్కు ఇంకా కనబడనిది. సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్ విభాగంలో నెట్‌వర్క్‌ను ఎంచుకునే చోటు ఉంటుంది. అది మామూలుగా ‘ఆటోమేటిక్’లో ఉండాలి. ఊళ్లో ఉన్నప్పుడు ఎవరో దాన్ని మాన్యువల్‌కు మార్చి ఆంధ్ర సర్కిల్ కోడ్‌ను ఖాయం చేసి వదిలేస్తే, బిలాస్‌పూర్ చేరాక కూడా ఫోను ఆ ఆంధ్ర కోడ్ కోసమే వెతుకుతుంది. లేనిదాని కోసం ఎంత వెతికినా దొరకదు. ఎదురుగా అదే కంపెనీ టవరున్నా ఫోను దాన్ని పట్టించుకోదు. ఆటోమేటిక్‌కు మార్చిన రెండు నిమిషాల్లో సిగ్నల్ వచ్చేస్తుంది. పిల్లలు ఆడుకుని ఇచ్చిన ఫోన్లలోనూ, మరమ్మతు కొట్టుకు వెళ్లొచ్చిన ఫోన్లలోనూ ఈ మార్పు జరిగిపోయి ఉండే అవకాశం ఎక్కువ.

ఏ సెట్టింగునైనా ముట్టుకునే ముందు స్క్రీన్ మీద ఏముందో చదవాలి. చాలామంది గీతలు లేవని చూస్తారు గాని, గీతల చోట ఉన్న మాటలు చదవరు. ‘నో సిమ్’ అని ఉంటే ఫోనుకు కార్డే కనబడలేదు. దానికి టవరును తిట్టి లాభం లేదు. ‘నో సర్వీస్’ అంటే కార్డు కనబడింది గాని కంపెనీ టవరు దొరకలేదు, లేదా నమోదు కాలేదు. ‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అంటే ఏదో ఒక టవరు వినబడుతోంది గాని మామూలు సేవకు అది ఈ ఫోనును చేర్చుకోలేదు. గీతలు నిండుగా ఉండి కాల్స్ వెళ్తూ ఇంటర్నెట్ ఒక్కటే రాకపోతే నమోదులో లోపం లేదు, డేటా సెట్టింగుల్లోనే ఉంది. ఈ నాలుగు లక్షణాలూ సగం రోగనిర్ణయం చేసిపెడతాయి.

ఆ తర్వాత చూడాల్సింది పక్కవాళ్ల ఫోను. అదే కంపెనీ సిమ్ ఉన్న మరో ఫోను అదే గదిలో పనిచేస్తోందా? అది కూడా మూగబోతే టవరుదే తప్పు. తవ్వకాల్లో ఫైబర్ కేబుల్ తెగినా, కరెంటు పోయి టవరు బ్యాటరీ అయిపోయినా పేట మొత్తానికి సిగ్నల్ పోతుంది. అప్పుడు ఫోనులో ఏమీ మార్చకుండా ఆగడమే మేలు. పక్క ఫోను బాగానే ఉంటే, అనుమానమున్న సిమ్‌ను దాంట్లో వేసి చూడాలి. అక్కడ పనిచేస్తే సిమ్, ఖాతా, టవరు మూడూ నిర్దోషులు, తప్పు ఫోనుదే. అక్కడా పనిచెయ్యకపోతే ఫోనును వదిలేసి సిమ్‌నూ ఖాతానూ చూడాలి. ఏ పరికరమూ అక్కర్లేని ఈ పరీక్షను మించింది మరొకటి లేదు. విచిత్రమేమిటంటే, కొట్టుకు తీసుకెళ్లిన ఫోన్లలో చాలావాటికి ఇది చేసి ఉండరు.

సిమ్ కార్డు విషయానికొస్తే, నానో సిమ్ కొలత 12.3 మిల్లీమీటర్లు, 8.8 మిల్లీమీటర్లు. పాత పెద్ద సిమ్‌ను కత్తిరించి చేసినవి ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. ఒక అంచు కాస్త వంకరపోయినా ట్రేలో కదిలి, లోపలి పిన్నులకు ఆనదు. ఫోను స్విచాఫ్ చేసి, ట్రే తీసి, కార్డు మీది బంగారు రంగు రేకును పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, కోసిన మూల ట్రేలోని మూలకు సరిగ్గా కూర్చునేలా తిరిగి పెట్టాలి. నీళ్లు, శానిటైజర్ పనికిరావు. కొన్ని ఫోన్లలో రెండో సిమ్, మెమరీ కార్డు ఒకే గదిని పంచుకుంటాయి. మెమరీ కార్డు పెట్టారంటే రెండో సిమ్‌కు చోటు లేనట్టే. ఈ సంగతి తెలియక రెండో సిమ్ పోయిందనుకునేవారున్నారు. ఇ-సిమ్ అయితే తీసి పెట్టడానికి కార్డే ఉండదు. సెట్టింగ్స్‌లో ఆ లైను ఆన్‌లో ఉందో లేదో మాత్రమే చూడాలి. ‘డిలీట్’ నొక్కితే దాన్ని మళ్లీ పొందడానికి కంపెనీ దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది.

సిమ్‌కు పిన్ పెట్టుకున్నవాళ్లు మూడుసార్లు తప్పు కొడితే కార్డు తాళం పడి, ఎనిమిది అంకెల పియుకె కోడ్ అడుగుతుంది. దాన్ని ఊహించి కొట్టకూడదు. పదిసార్లు తప్పు కొడితే ఆ కార్డు శాశ్వతంగా చచ్చిపోతుంది. కోడ్ కంపెనీ కస్టమర్ కేర్‌లో దొరుకుతుంది.

నెట్‌వర్క్ తరాల గొడవ ఒకటుంది. 2016 సెప్టెంబరు 5న మొదలైన జియోకు 2జి, 3జి లేనే లేవు. దాని కాల్స్ కూడా 4జి మీదే వెళ్తాయి. ఆ పద్ధతి పేరు వోల్టి. కాబట్టి జియో సిమ్ ఉన్న ఫోనులో నెట్‌వర్క్ మోడ్‌ను ‘2జి ఓన్లీ’కి మారిస్తే సిగ్నల్ పూర్తిగా పోతుంది. వోల్టి ఆపేసి ఉంటే ఇంటర్నెట్ వచ్చినా కాల్స్ రావు. ఎయిర్‌టెల్, విఐ 3జిని మూసేసి 2జిని మాత్రం ఉంచుకున్నాయి. 3జి దాకానే పనిచేసే పాత ఫోను వాటిలో 2జికి దిగిపోతుంది, మాట్లాడొచ్చు గాని ఇంటర్నెట్ నత్తనడకే. బిఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జి నెట్‌వర్క్‌ను 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధాని ప్రారంభించారు. పాత 2జి, 3జి కాలంనాటి బిఎస్‌ఎన్‌ఎల్ సిమ్‌ను 4జి సిమ్‌గా మార్చుకోనిదే ఆ సేవ అందదు. 2022 అక్టోబరు 1న దేశంలో 5జి మొదలయ్యాక, 5జి సిగ్నల్ అంచున ఉన్న ఇళ్లలో ఫోను 4జికీ 5జికీ మధ్య ఊగిసలాడుతూ మాటిమాటికీ తెగడం కనబడుతోంది. అలాంటి చోట మోడ్‌ను 4జికి దించితే నిలకడగా ఉంటుంది. వేగం కాస్త తగ్గుతుంది, అంతే.

సిగ్నల్ గీతలను అతిగా నమ్మకూడదు. ఎన్ని గీతలకు ఎంత బలమో అన్ని ఫోను కంపెనీలూ ఒకే లెక్క పాటించవు. అసలు కొలత ఆండ్రాయిడ్ ఫోనులో ‘అబౌట్ ఫోన్’ కింద సిమ్ స్టేటస్‌లో దొరుకుతుంది. అది డిబిఎం అనే కొలమానంలో, ఎప్పుడూ మైనస్ సంఖ్యగా ఉంటుంది. 4జిలో మైనస్ 85 అంటే మంచి సిగ్నల్, మైనస్ 105 బలహీనం, మైనస్ 120 దగ్గర తెగిపోతుంది. పది డిబిఎం తగ్గితే బలం పదో వంతుకు పడిపోతుంది. అంటే వరండాలో మైనస్ 85 ఉండి లోపలి గదిలో మైనస్ 115 ఉంటే, లోపలికి చేరింది వెయ్యో వంతు మాత్రమే. పాత రైల్వే క్వార్టర్ల మందపాటి గోడల్లో ఇది వింతేమీ కాదు. 2300 మెగాహెర్ట్జ్ వంటి పై పౌనఃపున్యాలు గోడల్లో ఎక్కువగా నష్టపోతాయి, 700, 850 మెగాహెర్ట్జ్ తరంగాలు చొచ్చుకుని వస్తాయి. ఒకే ఇంట్లో ఒక కంపెనీ సిమ్ పనిచేసి మరొకటి పనిచెయ్యకపోవడానికి ఇదొక కారణం.

ఇలాంటి ఇంట్లో ఫోనును ఎంత మార్చినా లాభం లేదు. బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేసుకోవచ్చు. అప్పుడు కాల్ టవరుతో పని లేకుండా ఇంటి వైఫై మీదుగా వెళ్తుంది. చాలా ఫోన్లలో ఈ సౌకర్యం ఉన్నా వాడేవాళ్లు తక్కువ. బజారులో దొరికే సిగ్నల్ బూస్టర్లను లైసెన్సు లేకుండా బిగించుకోవడం చట్టవిరుద్ధం. పైగా అవి టవరుకు రొద పుట్టించి వీధిలో అందరి సిగ్నలూ చెడగొడతాయి. ఇనుప రేకులున్న కవరు, అయస్కాంతపు మూత కూడా సిగ్నల్‌ను కొంత అడ్డుకుంటాయి, తీసి చూస్తే తెలిసిపోతుంది. బిలాస్‌పూర్ మే నెల ఎండలో బండి డ్యాష్‌బోర్డు మీద పెట్టిన ఫోను మరీ వేడెక్కితే తన రేడియో బలాన్ని తానే తగ్గించుకుంటుంది. నీడలో చల్లారితే అదే సర్దుకుంటుంది. చల్లబరచడానికి ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకూడదు, లోపల తేమ చేరుతుంది.

కాల్స్ బాగుండి ఇంటర్నెట్ మాత్రమే రాకపోతే మూడింటిని చూడాలి. ఆ రోజు డేటా కోటా అయిపోయిందేమో మొదట చూడాలి. డేటా రోమింగ్ మీట రెండోది. ఆంధ్ర సిమ్ బిలాస్‌పూర్‌లో రోమింగ్‌లో ఉన్నట్టు ఫోను లెక్కవేస్తే, ఆ మీట ఆఫ్‌లో ఉన్నంతసేపూ ఇంటర్నెట్ ఇవ్వదు. రోమింగ్ అంటే బిల్లు మోత అన్న పాత భయంతో దాన్ని ఆపేసినవాళ్లు ఉన్నారు. దేశం లోపల ఆ భయం ఇప్పుడు అక్కర్లేదు, విదేశాలకు వెళ్లినప్పుడు మాత్రం ఉండాలి. మూడోది మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఉండే యాక్సెస్ పాయింట్ పేరు. జియోకు ‘జియోనెట్’, ఎయిర్‌టెల్‌కు ‘ఎయిర్‌టెల్‌జిపిఆర్‌ఎస్ డాట్ కామ్’, బిఎస్‌ఎన్‌ఎల్‌కు ‘బిఎస్‌ఎన్‌ఎల్‌నెట్’ అని, మధ్యలో ఖాళీ లేకుండా ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో ఉండాలి. కంపెనీ మారినప్పుడు పాత పేరు మిగిలిపోతే ఆ పేజీలోనే ‘రీసెట్ టు డిఫాల్ట్’ నొక్కడం తేలిక.

ఖాతా వైపు తప్పులు వేరు. ఊరి సిమ్‌ను ఓటిపిల కోసమే ఉంచుకుని రీఛార్జి మానేసేవారికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన తెలియాలి. 90 రోజుల పాటు కాల్, మెసేజ్, డేటా ఏదీ వాడకపోతే కంపెనీ ఆ నంబరును రద్దు చెయ్యొచ్చు. ప్రీపెయిడ్ ఖాతాలో కనీసం 20 రూపాయలుంటే ఆ సొమ్ము మినహాయించుకుని మరో 30 రోజులు పొడిగిస్తారు. రద్దయ్యాక తిరిగి తీసుకోవడానికి 15 రోజుల గడువు ఉంటుంది. అది దాటితే నంబరు ఎప్పుడో మరొకరి చేతికి పోతుంది, బ్యాంకు మెసేజ్‌లు కూడా వాళ్లకే పోతాయి.

ఏ కారణమూ లేకుండా, ఊరు మారకుండా, రీఛార్జి ఉండగా సిగ్నల్ హఠాత్తుగా పోయి పక్క ఫోన్లు బాగుంటే అశ్రద్ధ చెయ్యకూడదు. ఎవరో మోసంతో అదే నంబరుకు డూప్లికేట్ సిమ్ తీసుకుంటే అసలు సిమ్ ఆ క్షణమే మూగబోతుంది. కొత్త సిమ్‌కు మొదటి 24 గంటలు మెసేజ్‌లు ఆపేసే పద్ధతి పెట్టింది ఇందుకే. అనుమానం రాగానే వేరే ఫోను నుంచి కంపెనీకి, బ్యాంకుకు చెప్పాలి. డబ్బు పోయినట్టు తేలితే సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930.

సిమ్ మరో ఫోనులో పనిచేసి ఈ ఫోనులోనే పనిచెయ్యనప్పుడు చివరి అస్త్రంగా నెట్‌వర్క్ సెట్టింగుల రీసెట్ ఉంది. ఇది ఫొటోలు, కాంటాక్టుల జోలికి పోదు. వైఫై పాస్‌వర్డులు, బ్లూటూత్ జతలు మాత్రం చెరిపేస్తుంది కాబట్టి పాస్‌వర్డు ముందే రాసుకోవాలి. ఫోను మొత్తం చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్ వేరు, చాలా కొట్లలో మొదట చేసేది అదే కావడం దురదృష్టం. రీసెట్ తర్వాతా మార్పు లేకపోతే స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ కొడితే ఐఎంఇఐ అనే పదిహేను అంకెల సంఖ్య కనబడుతుంది. అది ఖాళీగానో అన్నీ సున్నాలుగానో వస్తే సాఫ్ట్‌వేరు దెబ్బతిన్నట్టు. సరిగానే వస్తే ఆ సంఖ్యను సంచార్ సాథీలో సరిచూడాలి. పోయిన, దొంగిలించిన ఫోన్ల సంఖ్యలను దేశమంతటా అడ్డుకునే ఆ సేవను కేంద్ర ప్రభుత్వం 2023 మేలో ప్రారంభించింది. సెకండ్ హ్యాండ్ ఫోను చేతికొచ్చిన కొన్నాళ్లకు ఏ సిమ్ వేసినా సిగ్నల్ రాకపోతే మొదటి అనుమానం దీని మీదే రావాలి. సంఖ్య నిర్దోషమైనా సిగ్నల్ లేదంటే నీళ్లలో పడినప్పుడో, కిందపడినప్పుడో, స్క్రీన్ మార్చినప్పుడో యాంటెన్నా తీగ ఊడి ఉండొచ్చు. అది సర్వీస్ సెంటరు పని.

తప్పు కంపెనీదని తేలితే 198కి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తీసుకోవాలి. నంబరు లేని ఫిర్యాదు చేసినట్టు లెక్క కాదు. తృప్తికరంగా తీరకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీ అప్పీలు అధికారికి రాసుకోవచ్చు, 39 రోజుల్లో తేల్చాలని నియమం. 2024లో ట్రాయ్ తెచ్చిన నిబంధనల ప్రకారం ఒక జిల్లాలో సేవ 24 గంటలు మించి ఆగిపోతే, ఆ జిల్లాలో నమోదైన పోస్ట్‌పెయిడ్ వారికి అద్దె తగ్గించాలి, ప్రీపెయిడ్ వారికి గడువు పొడిగించాలి. ప్రకృతి విపత్తులకు ఇది వర్తించదు.

ఇంట్లో ఒక కంపెనీ సిగ్నల్ ఎప్పటికీ అందదని తేలితే నంబరు మార్చుకోకుండా కంపెనీ మారొచ్చు. సర్కిల్ కూడా మారే వీలు 2015 జులై 3 నుంచి ఉంది. విజయనగరం నంబరునే బిలాస్‌పూర్‌లో స్థానిక సిమ్‌గా చేసుకుంటే రోమింగ్ చిక్కులు తప్పుతాయి, సిమ్ పోయినప్పుడు కొత్తది తీసుకోవడమూ అక్కడే అవుతుంది. ప్రస్తుత కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి, సిమ్ మార్చి ఏడు రోజులైనా అయి ఉండాలి. పోర్ట్ అని ఇంగ్లిషులో రాసి, ఖాళీ వదిలి, నంబరు రాసి 1900కు పంపితే వచ్చే కోడ్ నాలుగు రోజులు చెల్లుతుంది. దాన్ని తీసుకుని కొత్త కంపెనీ కొట్టుకు వెళ్లాలి. అదే సర్కిల్ అయితే మూడు పనిదినాలు, వేరే సర్కిల్ అయితే ఐదు పనిదినాలు పడుతుంది. పాత సిమ్‌లో మిగిలిన టాక్‌టైమ్ కొత్తదానికి రాదు. మార్పు జరిగే రోజు పాత సిమ్‌లో సిగ్నల్ పోయాక కొత్తది వేసుకోవాలి. ఆ మధ్య కొన్ని గంటలు ఏ సిమ్‌లోనూ సేవ ఉండకపోవడం మామూలే, దానికి ఫోనులో ఏ సెట్టింగూ మార్చనక్కర్లేదు.